ఉబ్బసం, సీఓపీడీ మీద కొత్త పరిశోధనలు: వాటిలో మనవాళ్లు ఉన్నారా?

పెన్నేటి గట్టు (జమ్మలమడుగు)

అందరికీ నమస్కారం. మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. ఒక్క బీడీ కూడా ముట్టిన మనిషి కాదు గానీ, పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆరేళ్ల క్రితం దాకా కంది కట్టె, పత్తి కట్టె, తుమ్మ మొద్దులతోనే పాత మిద్దెలో వంట చేసింది. ఆ వంటింట్లో పొగ పోవడానికి పైకప్పులో ఒక గవాక్షి తప్ప మరో దారి ఉండేది కాదు. నాలుగేళ్లుగా నాలుగడుగులు వేస్తే గస వస్తోంది, చలికాలంలో పిల్లికూతలు పక్క గదిలోకి వినిపిస్తాయి. మాకు దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని చెప్పి, నీలం రంగు పంపు, థియోఫిలిన్ మాత్రలు రాశారు. ఊది చేసే పరీక్ష ఏదీ చేయలేదు.

మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు, చిన్నప్పటి నుంచి ఉబ్బసం. వాడు కూడా నీలం పంపు ఒక్కటే వాడతాడు, దాదాపు నెలకొకటి అయిపోతోంది.

ఈ మధ్య పత్రికలో సీఓపీడీకి కొత్తగా ఒక సూది మందు వచ్చిందని, పెద్ద పరిశోధనల్లో మంచి ఫలితాలు కనిపించాయని చదివాను. అది మా అమ్మకు పనికివస్తుందా అన్నది నా మొదటి ప్రశ్న. నీలం పంపు ఒక్కటే వాడకూడదని ఒక సహోద్యోగిని అన్నారు, దానికి ఆధారం ఏమిటన్నది రెండోది. తెలిసినవారు ఓపికగా వివరించగలరు.

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

అమ్మా, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు స్పష్టంగా ఉంది, పైగా మీ తమ్ముడి విషయంలో తొందర కూడా ఉంది.

నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాల కండరాలను కొన్ని గంటలపాటు సడలిస్తుంది, అంతే. ఉబ్బసానికి మూలమైన వాపును అది ముట్టుకోదు. మేము చదువుకున్న రోజుల్లో తేలికపాటి ఉబ్బసానికి ఆ ఒక్క పంపు చాలనే బోధించారు, నేను కూడా కర్నూలు పెద్దాసుపత్రి బయటి విభాగంలో ఏళ్ల తరబడి అదే రాశాను. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సిగ్మా అనే రెండు పరిశోధనలు వెలువడ్డాయి. వాటిలో మొదటిదానిలో తేలికపాటి ఉబ్బసం ఉన్న సుమారు 3,800 మందిని యాదృచ్ఛికంగా మూడు వర్గాలుగా విభజించి ఏడాదిపాటు గమనించారు. ఒక వర్గానికి అవసరమైనప్పుడు మాత్రమే పీల్చుకునే టెర్బుటలిన్ ఇచ్చారు. అది నీలం పంపు జాతి మందే. రెండో వర్గానికి రోజూ రెండుపూటలా పీల్చే స్టెరాయిడ్ బ్యుడెసొనైడ్ ఇచ్చారు. మూడో వర్గంవారు బ్యుడెసొనైడ్, నాళాలను విప్పార్చే ఫార్మోటెరాల్ కలిసిన పంపును అవసరమైనప్పుడు మాత్రమే పీల్చుకున్నారు. ఏడాదికి ఒక్కొక్కరికి వచ్చిన తీవ్రమైన ఉధృతులు (జబ్బు ఉన్నట్టుండి ముదరడం) సగటున మొదటి వర్గంలో 0.20, రెండో వర్గంలో 0.09, మూడో వర్గంలో 0.07. మూడో వర్గంవారు పీల్చిన స్టెరాయిడ్ మోతాదు, రోజూ వాడినవారు పీల్చినదానిలో ఆరో వంతు మాత్రమే.

2019లో ఉబ్బసం మీద ప్రపంచ స్థాయిలో మార్గదర్శకాలు రూపొందించే గినా సంస్థ, నీలం పంపు ఒక్కటే ఇచ్చే చికిత్సను ఇక సూచించబోమని ప్రకటించింది. ఏడాదికి మూడు లేదా అంతకన్నా ఎక్కువ నీలం పంపులు ఖర్చయ్యేవారికి ఉధృతుల ముప్పు ఎక్కువని, పన్నెండు దాటితే మరణాల ముప్పు కూడా పెరుగుతుందని అదే సంస్థ హెచ్చరిస్తోంది. మీ తమ్ముడు నెలకొకటి వాడుతున్నాడన్న మాట చదివి నాకు నిజంగానే కంగారు కలిగింది. ఈ వారంలోనే అతణ్ణి ఛాతీ వైద్యుడికి చూపించండి.

మందుల అంగడి (ప్రొద్దుటూరు)

డాక్టరు గారు చెప్పినది అక్షరాలా నిజం, కానీ అంగడి బల్లకు ఇవతల నిలబడితే కనిపించే సంగతి వేరు. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మందు పేరు చెప్పరు, ‘నీలం పంపు ఇవ్వన్నా’ అంటారు. అది పీల్చిన ఐదు నిమిషాల్లో హాయి తెలుస్తుంది, ధర కూడా తక్కువ. స్టెరాయిడ్ కలిసిన పంపు ఇస్తే రెండు రోజులు వాడి, ఏమీ తెలియలేదని పక్కన పెడతారు. అందులో స్టెరాయిడ్ ఉందని తెలిస్తే ముఖం ఉబ్బుతుందని, ఎముకలు గుల్లబారుతాయని భయపడతారు. విచిత్రం ఏమిటంటే అదే మనుషులు, ఆయాసం ఎక్కువైనప్పుడు ఎప్పుడో రాయించుకున్న పాత చీటీ తెచ్చి ప్రెడ్నిసొలోన్ మాత్రలు పదిహేను రోజులకు కట్టించుకుపోతారు. పీల్చే మందులోని స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో, మాత్రల్లోది మిల్లీగ్రాముల్లో ఉంటుందని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఒక జాగ్రత్త మాత్రం అందరూ గమనించాలి. స్టెరాయిడ్ కలిసిన ప్రతి పంపూ ఆయాసం వచ్చినప్పుడు వాడేది కాదు. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది గనుక దానితో కలిసినది అలా వాడవచ్చు. సాల్మెటెరాల్ కలిసినది నెమ్మదిగా పనిచేస్తుంది గనుక ఆ అవసరానికి పనికిరాదు. రెండు పంపుల రంగులూ ఒకేలా ఉండి జనం తికమకపడటం నేను చూశాను.

డాక్టరు గారిని ఒక మాట అడగాలి. మన ప్రాంతంలో ఆయాసం అనగానే థియోఫిలిన్ జాతి మాత్ర, ఎక్కువైతే అదే జాతి సూది ఇస్తారు. వాటి మీద కొత్త పరిశోధన ఏమైనా జరిగిందా?

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

జరిగింది, ఫలితం మన అలవాటుకు అనుకూలంగా లేదు. బ్రిటన్‌లో ట్విక్స్ అనే పరిశోధనలో, పీల్చే స్టెరాయిడ్ వాడుతున్న 1,567 మంది సీఓపీడీ రోగుల్లో ఒక వర్గానికి తక్కువ మోతాదు థియోఫిలిన్, మరో వర్గానికి అదే రూపంలో ఉన్న ఉత్తుత్తి మాత్ర ఏడాదిపాటు ఇచ్చారు. 2018లో జామా పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం ఏడాదికి సగటు ఉధృతులు మందు తీసుకున్నవారిలో 2.24, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 2.23. ఇంతకన్నా నిర్ద్వంద్వమైన ‘ప్రయోజనం లేదు’ అన్న జవాబు వైద్యంలో అరుదుగా దొరుకుతుంది. మోతాదు పెంచితే నాళాలు కొంత విప్పారే మాట నిజమే, కానీ అప్పుడు వాంతులు, గుండె దడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ప్రభావం చూపే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ.

పదిహేను రోజుల ప్రెడ్నిసొలోన్ గురించి కూడా చెప్పవలసింది ఉంది. స్విట్జర్లండ్‌లో రెడ్యూస్ అనే పరిశోధనలో, ఉధృతితో ఆసుపత్రికి వచ్చిన 314 మంది సీఓపీడీ రోగులకు రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్‌ను కొందరికి ఐదు రోజులు, కొందరికి పద్నాలుగు రోజులు ఇచ్చి చూశారు. ఆరు నెలల్లో మళ్లీ ఉధృతి వచ్చినవారు ఐదు రోజుల వర్గంలో 35.9 శాతం, పద్నాలుగు రోజుల వర్గంలో 36.8 శాతం. ఇది 2013 నాటి మాట. పన్నెండేళ్లు దాటినా మన చీటీల మీద పదిహేను రోజుల కోర్సులు కనిపిస్తూనే ఉన్నాయి.

లెక్కల అయివారు (అనంతపురం)

నేను వైద్యుణ్ణి కాను, సంఖ్యాశాస్త్రం బోధిస్తాను. పెన్నేటి గట్టు గారి మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు గనుక, ఆ సూది మందు పరిశోధనలు వెతికి చదివాను. నాకు అర్థమైనంత రాస్తున్నాను, తప్పులుంటే డాక్టరు గారు దిద్దగలరు.

ఆ మందు పేరు డుపిలుమాబ్. రెండు వారాలకొకసారి చర్మం కింద ఇచ్చే సూది. దాని మీద బోరియస్ అనే పరిశోధన 2023లో, నోటస్ అనేది 2024లో వెలువడ్డాయి. ఆ రెంటి ఆధారంగా 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని సీఓపీడీకి అనుమతించింది. బోరియస్‌లో 939 మంది పాల్గొన్నారు. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఉధృతులు ఏడాదికి సగటున ఉత్తుత్తి సూది పొందినవారిలో 1.10, మందు పొందినవారిలో 0.78. పత్రికలు దీనిని ‘30 శాతం తగ్గుదల’ అని రాశాయి. అది తప్పు కాదు, కానీ వందమంది రోగులను ఊహించుకుంటే విషయం మరింత తేటపడుతుంది: ఏడాదిలో 110 ఉధృతులు రావలసిన చోట 78 వచ్చాయి. అంటే వందమందికి ఏడాదిపాటు తలకు ఇరవై ఆరు చొప్పున సూదులు వేస్తే ముప్పై రెండు ఉధృతులు తప్పాయి.

అసలు చూడవలసినది ఆ వందమంది ఎవరన్నది. పాల్గొనడానికి పెట్టిన నియమాల ప్రకారం వారంతా పొగతాగేవారో, మానినవారో అయి ఉండాలి. రోజుకొక పెట్టె చొప్పున కనీసం పదేళ్లకు సమానమైన సిగరెట్లు కాల్చి ఉండాలి. రక్తంలో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు మైక్రోలీటరుకు 300 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. మూడు రకాల పీల్చే మందులు కలిపి వాడుతున్నా ఉధృతులు ఆగకుండా ఉండాలి. నోటస్‌లోనూ సిగరెట్ల నియమం ఇదే. సీఓపీడీ పరిశోధనల నమూనా మొత్తం మీద పొగతాగేవారి చుట్టూనే అల్లుకుని ఉంది. పొయ్యి పొగతో జబ్బు తెచ్చుకున్న జమ్మలమడుగు అమ్మ ఆ సూది పరిశోధనలో చేరడానికి వెళ్తే గుమ్మం దగ్గరే తిప్పి పంపేవారు. అందువల్ల ఆ ఫలితం ఆమెకు వర్తించదని నేను అనను, వర్తిస్తుందని ఆ పరిశోధన చూపలేదు అని మాత్రమే అంటాను. ఈ రెండు వాక్యాలకూ తేడా ఉంది.

ఇలాంటి లెక్కే ఉబ్బసానికీ చెబుతాను. 2025లో అమెరికాలో బటూరా అనే పరిశోధన వచ్చింది. సాల్బుటమాల్ ఒక్కటే ఉన్న పంపునూ, దానికి బ్యుడెసొనైడ్ కలిపిన పంపునూ పోల్చారు. తీవ్రమైన ఉధృతి వచ్చినవారు మొదటి వర్గంలో 9.1 శాతం, రెండోదానిలో 5.1 శాతం. తేడా వందకు నలుగురు, అంటే ఒకరికి ఉధృతి తప్పించాలంటే పాతికమందికి పంపు మార్చాలి. ఖర్చు పెద్దగా లేని మార్పుకు ఇది మంచి బేరమే.

పెన్నేటి గట్టు (జమ్మలమడుగు)

అయివారూ, మీ వివరణ చదివాక మనసు కొంత చివుక్కుమంది. మా అమ్మలాంటివాళ్లు ఈ దేశంలో ఎంతమంది లేరు? వాళ్లను లెక్కలోకి తీసుకోని పరిశోధన ఎవరి కోసం? అయితే ఆమెకు చేయగలిగింది ఏమీ లేదా?

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

ఉంది, అదీ ఆ సూది కన్నా చవకైనది. అంతకుముందు మీ ఆవేదనకు లెక్కల మద్దతు ఇస్తాను. భారతదేశంలో 2016లో సుమారు ఐదున్నర కోట్ల మందికి సీఓపీడీ ఉన్నట్టు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ జబ్బు భారంలో 53.7 శాతానికి గాలి కాలుష్యం కారణమైతే, పొగాకు వాటా 25.4 శాతమే. గాలి కాలుష్యం అంటే ఢిల్లీ పొగమంచు ఒక్కటే కాదు, వంటింటి పొగ కూడా అందులో భాగం.

ఇక మీ అమ్మగారి విషయం. మొదట స్పైరోమెట్రీ, అంటే మీరు చెప్పిన ఊది చేసే పరీక్ష, చేయించండి. మందు పీల్చిన తర్వాత కూడా మొదటి సెకనులో వదిలిన గాలికీ మొత్తం వదిలిన గాలికీ ఉన్న నిష్పత్తి 0.70 కన్నా తక్కువ ఉంటేనే సీఓపీడీ అని నిర్ధారిస్తారు. ఆ పరీక్ష లేకుండా రాసిన ‘సీఓపీడీ’ అన్న మాట ఊహ మాత్రమే. నిర్ధారణ అయితే శ్వాసనాళాలను విప్పార్చి దీర్ఘకాలం పనిచేసే మందులు పీల్చాలి, ఫ్లూ, న్యూమోకాకస్ టీకాలు వేయించాలి. ఎవరూ పట్టించుకోనిది మరొకటి ఉంది: ఊపిరితిత్తుల పునరావాస వ్యాయామం. 2015లో కాక్రేన్ సమీక్ష 65 పరిశోధనలను, 3,822 మంది రోగులను కలిపి చూసి, అది ఆయాసాన్ని తగ్గించి నడకను, జీవన నాణ్యతను గణనీయంగా మెరుగుపరుస్తుందని తేల్చింది. దీనికి కావలసింది ఒక కుర్చీ, ఒక వరండా, వారానికి కొన్ని గంటలు.

ఒక ప్రశ్న అడుగుతాను, జవాబు తప్పక రాయండి. మీ అమ్మగారికి గతంలో ఎప్పుడైనా క్షయ వచ్చిందా?

పత్తి చేను (ఆదోని)

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. మా నాయన జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఇప్పుడు ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నారు. ఇరవై నాలుగు గంటలూ పెట్టమని ఒకరు, పదిహేను గంటలు చాలని మరొకరు చెబుతున్నారు. కరెంటు పోయినప్పుడల్లా మా ఇంట్లో అందరి గుండెలూ జారిపోతున్నాయి. దీని మీద పరిశోధన ఏమైనా ఉందా?

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

ఉంది, అది మీకు ఊరట కలిగించేదే. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గినవారికి దీర్ఘకాలం ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో వచ్చిన రెండు పరిశోధనలు చూపాయి. వాటిలో బ్రిటన్‌లో జరిగినది రోజుకు కనీసం పదిహేను గంటల ఆక్సిజన్‌ను అసలు ఇవ్వకపోవడంతో పోల్చింది. రెండింటిలోనూ కలిపి మూడు వందల మంది కూడా లేరు. ఇరవై నాలుగు గంటలూ ఇస్తే పదిహేను గంటల కన్నా మేలా అన్నది నలభై ఏళ్లకు పైగా ఎవరూ నేరుగా పరీక్షించలేదు. 2024లో స్వీడన్‌లో రీడాక్స్ పరిశోధన 241 మంది మీద ఆ పని చేసింది. ఏడాదిలో మరణించిన లేదా ఆసుపత్రిలో చేరినవారి లెక్కలో రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. మీ నాయనగారి ఆక్సిజన్ స్థాయి చూసిన వైద్యుడే తుది మాట చెప్పాలి గానీ, గంటసేపు కరెంటు పోతే ప్రాణం పోతుందన్న భయం మాత్రం అవసరం లేదు. రాత్రి నిద్ర సమయాన్ని కలుపుకుని పదిహేను గంటలు ఎలా నింపాలో ప్రణాళిక వేసుకోండి.

లెక్కల అయివారు (అనంతపురం)

వంటింటి పొగ విషయంలో ఒక చిక్కు ముందు పెట్టక తప్పదు. పొయ్యి మాన్పించి గ్యాస్ ఇస్తే రోగాలు తగ్గుతాయన్నది అందరి నమ్మకం. దానిని పరీక్షించడానికి హాపిన్ అనే పెద్ద పరిశోధన గ్వాటెమాలా, పెరూ, రువాండాలతోపాటు మన పక్కనున్న తమిళనాడులో కూడా జరిగింది. మూడు వేల రెండు వందల మంది గర్భిణుల్లో సగం మందికి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. గ్యాస్ అందనివారు పీల్చే సన్నటి ధూళి ఘనపు మీటరుకు సుమారు 70 మైక్రోగ్రాములుంటే, గ్యాస్ అందుకున్నవారిలో అది 24 మాత్రమే. అయినా పుట్టిన పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శిశువుల్లో తీవ్రమైన న్యుమోనియా కూడా తగ్గలేదని 2024లో ప్రకటించారు. నమ్మకం ఎంత బలంగా ఉన్నా లెక్క దానికి లోబడదు.

మందుల అంగడి (ప్రొద్దుటూరు)

అయివారూ, ఇలాంటి మాటలు సగం చదివినవాడు రేపు మళ్లీ కట్టెల పొయ్యి రాజేస్తాడు.

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

ఇద్దరి మాటలోనూ పస ఉంది. హాపిన్ అడిగిన ప్రశ్న శిశువుల న్యుమోనియా గురించి, ముప్పై ఏళ్లు పొగ పీల్చిన స్త్రీ ఊపిరితిత్తుల గురించి కాదు. న్యుమోనియాకు పొగ ఒక కారణమే తప్ప ఏకైక కారణం కాదు. పైగా వారి ఇళ్లలో పొగ తగ్గినా వీధిలో గాలి మారలేదు. సీఓపీడీ గురించి మన దగ్గర ఉన్న మెరుగైన ఆధారం చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చింది. అక్కడ పల్లెల్లో 996 మందిని తొమ్మిదేళ్లు గమనించారు. గోబర్ గ్యాస్ వంటి శుభ్రమైన ఇంధనానికి మారి, వంటింట్లో గాలి బయటికి పోయే ఏర్పాటు కూడా చేసుకున్నవారిలో ఊపిరి సామర్థ్యం ఏటా తగ్గిపోయే వేగం, ఏ మార్పూ చేసుకోనివారితో పోలిస్తే 16 మిల్లీలీటర్లు తక్కువగా ఉంది. ఇది యాదృచ్ఛిక విభజన కాదు, ఎవరి ఇష్టం మేరకు వారు మారారు. కాబట్టి అయివారు దీనికి మార్కులు తగ్గించడం న్యాయమే. అయినా ఒక వైద్యుడిగా నేను కట్టెల పొయ్యిని సమర్థించను.

బండల మిల్లు (తాడిపత్రి)

ఈ చర్చను మూడు రోజులుగా చదువుతున్నాను. నేను పాలిష్ బండల కర్మాగారంలో పర్యవేక్షకుణ్ణి. పొయ్యి పొగ గురించి, సిగరెట్ గురించి అందరూ మాట్లాడారు, రాతి దుమ్ము గురించి ఎవరూ మాట్లాడలేదు. మా పనిలో పెద్ద రంపం, పాలిష్ యంత్రం నీటితోనే నడుస్తాయి గనుక అక్కడ దుమ్ము తక్కువ. అంచులు చెక్కేటప్పుడు, చేతి కట్టర్‌తో ముక్కలు కోసేటప్పుడు మాత్రం నీళ్లు ఉండవు. యంత్రం నుంచి కారిన బురద ఎండిపోయాక గాలికి లేచేది కూడా ఆ దుమ్మే. నాపరాయి కన్నా గ్రానైట్ కోసేటప్పుడు ఇబ్బంది ఎక్కువని మావాళ్లు అంటారు. మా దగ్గర పనిచేసిన ఇద్దరికి సంవత్సరం తేడాలో క్షయ వచ్చింది. మందులు వాడి బాగుపడ్డారు గానీ ఒకతనికి ఆయాసం పోలేదు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు మచ్చపడే సిలికోసిస్‌కు కొత్త చికిత్స ఏమైనా వచ్చిందా, డాక్టరు గారూ?

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

నాయనా, నిజం చెప్పాలి. మచ్చపడిన ఊపిరితిత్తిని వెనక్కి తెచ్చే మందు లేదు. దుమ్ముకు దూరం కావడమే మొదటి చికిత్స. గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం వాటా, నాపరాయి వంటి సున్నపురాయిలో కన్నా చాలా ఎక్కువ గనుక మీవాళ్ల అనుభవం సరైనదే. ఎండు కోతకు నీళ్లు తగిలించడం, ఎండకముందే బురదను ఎత్తివేయడం, గుడ్డకు బదులు ముఖానికి సరిగ్గా అతుక్కునే మాస్కు వాడటం ఏ మాత్ర కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడతాయి.

క్షయ విషయంలో మాత్రం చేయగలిగింది ఎంతో ఉంది. సిలికా ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలను చంపుతుంది గనుక సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు అనేక రెట్లు. హాంకాంగ్ ఛాతీ విభాగం, అప్పటి మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి సిలికోసిస్ ఉన్న కార్మికుల మీద జరిపిన పరిశోధన 1992లో వెలువడింది. ముందుజాగ్రత్తగా మూడు నెలలో, ఆరు నెలలో మందులు వాడినవారిలో ఐదేళ్లలో క్షయ వచ్చినవారు 13 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 27 శాతం. పాత పరిశోధనే, కానీ అందులో ఉన్నది మీలాంటి రాతి దుమ్ము మనుషులే. ఇప్పుడు మన జాతీయ క్షయ కార్యక్రమం మార్గదర్శకాలు కూడా సిలికోసిస్ ఉన్నవారిని పరీక్షించి నివారణ మందులు ఇవ్వవలసినవారి జాబితాలో చేర్చాయి. మీ దగ్గర ఆయాసం పోని ఆ మనిషిని తీసుకెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించండి, ఎన్నేళ్లు ఏ పని చేశాడో వైద్యుడికి చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వైద్యుడికి అది ఉబ్బసంలాగానే కనిపించవచ్చు.

మరొక పరిశోధన చెబుతాను, ఇది అచ్చంగా మనలాంటి ఇళ్లలో జరిగినది. ఝార్ఖండ్‌లో రేషన్స్ అనే పేరుతో 2,800 మంది క్షయ రోగుల ఇళ్లను, వారితో కలిసి ఉంటున్న 10,345 మంది కుటుంబసభ్యులను తీసుకున్నారు. రోగులందరికీ ఆరు నెలలు ఆహార దినుసులు ఇచ్చారు. సగం ఇళ్లలో మాత్రం కుటుంబసభ్యులకు కూడా బియ్యం, పప్పు, విటమిన్లు అందజేశారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్ ప్రచురించింది. నా వృత్తి జీవితంలో నేను చదివిన పరిశోధనల్లో నన్ను ఇంతగా కదిలించినది మరొకటి లేదు. మందు ఏమిటంటే పప్పూ బియ్యమూ!

బండల మిల్లు (తాడిపత్రి)

ఆ మనిషి భార్యా పిల్లలు కూడా బక్కపల్చగా ఉంటారు సార్. క్షయ వచ్చినప్పుడు అతనికి నెలనెలా ఐదు వందలు బ్యాంకులో పడేవి, అవి ఇంట్లో అందరి కడుపులోకీ వెళ్లేవి.

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

2024 నవంబరు నుంచి ఆ మొత్తాన్ని వెయ్యి రూపాయలకు పెంచారు. కుటుంబసభ్యులకు కూడా తిండి అందాలన్నదే ఆ పరిశోధన చెప్పిన అసలు సంగతి.

నిర్వాహకుడు

మృగశిర కార్తె చేప మందు గురించి ఇద్దరు సభ్యులు పెట్టిన టపాలను వేరే చర్చకు తరలించాను. ఇక్కడ ఫలితాలు ప్రచురితమైన పరిశోధనలకే పరిమితం కావలసిందిగా కోరుతున్నాను.

పెన్నేటి గట్టు (జమ్మలమడుగు)

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అమ్మను కడపకు తీసుకెళ్లి ఛాతీ వైద్యుడికి చూపించాము. డాక్టరు గారు అడిగిన ప్రశ్నే ఆయనా అడిగారు. లేదు అని నేను జవాబు చెప్పబోతుంటే, అమ్మ తల దించుకుని, నేను పుట్టకముందు క్షయ వచ్చిందని, ఆరు నెలలు మందులు వాడిందని చెప్పింది. ముప్పై రెండేళ్లుగా ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. సంబంధాలు చెడతాయని మా అవ్వ దాచిపెట్టమన్నదట.

ఊది చేసే పరీక్షలో మందు పీల్చాక కూడా నిష్పత్తి 0.58 వచ్చింది. స్కాన్‌లో కుడివైపు పైభాగాన పాత మచ్చ, దాని పక్కన శ్వాసనాళాలు కొన్ని శాశ్వతంగా వెడల్పయినట్టు కనిపించింది. ఇసినోఫిల్స్ 140. థియోఫిలిన్ ఆపివేసి, దీర్ఘకాలం పనిచేసే రెండు మందులు కలిసిన పంపు రాశారు, రెండు టీకాలూ వేశారు. కళ్లె పరీక్షకు పంపారు, అది ఇంకా రాలేదు.

తమ్ముడికి బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపు ఇచ్చారు. వాడి గదిలో నీలం పంపుల ఖాళీ డబ్బాలు ఏరితే తొమ్మిది దొరికాయి.

లెక్కల అయివారు (అనంతపురం)

అంటే పొగ, క్షయ రెండూ కలిసిన ఊపిరితిత్తులు. సిగరెట్ల నియమం ఒక్కటే కాదు, ఇసినోఫిల్స్ నియమం ప్రకారం చూసినా ఆ సూది పరిశోధన గుమ్మం ఆమెకు మూసే ఉంది.

పాత ఛాతీ వైద్యుడు (కర్నూలు)

అమ్మగారు ధైర్యంగా చెప్పినందుకు ఆమెకు నా నమస్కారం అందజేయండి. నాళాలు అలా వెడల్పు కావడాన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. 2019లో భారతదేశం మొత్తం మీద 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు సేకరించి ప్రచురించారు. వారిలో 35.5 శాతం మందికి పాత క్షయే కారణం, యూరప్ దేశాల్లో అలా కాదు. దీనికి కూడా బ్రెన్సొకాటిబ్ అనే కొత్త మాత్ర మీద 2025లో ఆస్పెన్ పరిశోధన వెలువడింది, అదే ఏడాది అమెరికాలో అనుమతి వచ్చింది. ఉధృతులు తగ్గిన మాట నిజమే, తగ్గుదల మాత్రం ఒక మోస్తరు. అమ్మగారికి ఇప్పుడు దానికన్నా ముఖ్యం రోజూ రెండుపూటలా కళ్లె బయటికి తెచ్చుకునే శ్వాస వ్యాయామం. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక్కసారి నేర్పిస్తే ఇంట్లోనే చేసుకోవచ్చు. కళ్లె పరీక్షలో క్షయతోపాటు ఇతర సూక్ష్మజీవుల కల్చర్ (వాటిని పెంచి గుర్తించే పరీక్ష) కూడా అడిగారో లేదో చీటీ చూసి చెప్పండి.

పెన్నేటి గట్టు (జమ్మలమడుగు)

చీటీ చూశాను, కల్చర్ కూడా రాశారు. ఫలితం రావడానికి సమయం పడుతుందట. వచ్చిన రోజున ఇక్కడే రాస్తాను.

బండల మిల్లు (తాడిపత్రి)

అక్కా, మీ టపా మా మనిషికి చదివి వినిపించాను. సోమవారం అతణ్ణి, అతని భార్యను అనంతపురం తీసుకెళ్తున్నాను. ఎన్నేళ్లు ఏ పని చేశాడో ఒక కాగితం మీద రాయించాను: పదకొండేళ్లు, అందులో ఏడేళ్లు చేతి కట్టర్ మీద.